మూలనున్న గొడుగు బొమ్మ

మేడ మీద గది
బడులు తెరిచిన మూడో ఆదివారం

చెల్లాయికి,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. మోకాలు సతాయిస్తోంది, చెప్పుకోదగ్గ విశేషమూ లేదు. కానీ బల్ల మీద ఒక పక్క ఖాళీగా ఉన్న దళసరి కాగితం కనిపించింది. ఖాళీ జాగా చూస్తే నా చెయ్యి ఊరుకోదని నీకు తెలుసు. నలభై రెండేళ్ళు దుకాణాలకి బోర్డులు రాసిన చెయ్యి. వెనక వైపు బడివాళ్ళు ఏదో అచ్చొత్తించుకున్నారు, దాని జోలికి పోకు.

మన పిడుగు ఒకటో తరగతిలో పడింది. కొడుకు తెల్లారకుండా బస్సు డిపోకి పోతాడు, కోడలు ఆస్పత్రిలో మందుల కౌంటర్ దగ్గర కూర్చుంటుంది. కాబట్టి మనవరాల్ని బడికి దింపడం, తేవడం, సంతకాలు పెట్టడం నా ఉద్యోగం. ఈ బడిలో నాకు కొత్తైన పద్ధతి ఒకటి ఉంది. ప్రతి శుక్రవారం సాయంత్రం పిల్ల సంచిలో ఒక కాగితం వస్తుంది. ఈ వారం ఏం నేర్పారు, మీ పిల్లకి ఎంతవరకు వచ్చింది, ఇంట్లో మీరేం చెయ్యాలి, అన్నీ టీచరమ్మ చేత్తో రాసి పంపుతుంది. అడుగున ‘ఇంటివారి మాట’ అని రెండు గీతలు. అక్కడ ఏదైనా రాసి, సంతకం పెట్టి, సోమవారం తిప్పి పంపాలి. నా చిన్నప్పుడు బడి నుంచి ఇంటికొచ్చే కబురు ఒక్కటే, వీపు మీద బెత్తం చార. అదైతే అమ్మ కూడా చదవగలిగేది.

సరే, మొదటి కాగితం వచ్చింది. ‘మీ పాప బోర్డు మీద రాసినవి ఎక్కించుకోవడం లేదు. అక్షరం చూపించి అడిగితే తల దించుకుంటోంది. ఇంట్లో రోజూ కాసేపు కూర్చోబెట్టండి’ అని.

ఎవరే తల దించుకునేది? పిడుగా? మొన్న నా మందు సీసా మీద చీమ తలకాయంత అక్షరాలు చదివి, ‘తాతయ్యా, దీని గడువు పోయిన నెలే అయిపోయింది’ అని పారబోయించింది. దాన్ని నాలుగో ఏటి నుంచీ వీధుల్లో తిప్పి బోర్డులన్నీ చదివించాను. నేను నేర్చుకున్నదీ అలాగే కదా. నువ్వు పలక పట్టుకుని బడికెళ్తే నేను రంగు డబ్బా పట్టుకుని నిచ్చెన కింద నిలబడ్డాను. అందరూ ‘అమ్మ’తో మొదలుపెడితే నేను ‘ఇచ్చట నిలబడరాదు’తో మొదలుపెట్టాను.

ఇంకో సంగతి. కాగితం పై మూలన గొడుగు బొమ్మ ముద్ర కొట్టి ఉంది. అలంకారం కాబోలు. పిడి వంపు ఎటు తిరగాలో తెలీనివాడెవడో చెక్కాడు. గొడుగే సరిగ్గా వెయ్యలేనివాళ్ళు చదువేం చెబుతారో చూడాలి. టీచరమ్మకి పాతికేళ్ళుంటాయేమో, తాత్కాలికంగా తీసుకున్నారట. నాకెందుకో ఆవిడ పిల్లల మొహాలు చూడకుండానే రాస్తోందని అనుమానం.

నువ్వు ముప్పై నాలుగేళ్ళు ఒకటో తరగతి చెప్పినదానివి. నీ అభిప్రాయం రాయి.

నీ అన్నయ్య


స్టేషన్ వెనక వీధి, కింది వాటా
పది రోజుల తర్వాత

అన్నయ్యకు,

నీ ఉత్తరం చేరింది. వెనక వైపు చూడొద్దని నువ్వు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. కిందటేడు ఒకటి తిప్పి చూస్తే బొద్దింకల మందు వాడే విధానం ఉంది. అప్పట్నుంచీ మానేశాను.

ఆ టీచరమ్మ నలభై మందికి వారం వారం చేత్తో రాస్తోందంటే నాకు ముందు ఆవిడ వేళ్ళ మీద జాలేసింది. నేను ఏడాదికి మూడుసార్లు రాసేదాన్ని, అదీ తిట్టుకుంటూ. పిల్లలు ఇంట్లో ఒకలా, బడిలో ఒకలా ఉంటారు. నీ ముందు సీసాలు చదివేది అక్కడ బిక్కమొహం వేస్తోందేమో. ఆ కాగితంలో చెప్పినట్టు రోజూ కాసేపు కూర్చోబెట్టు, నష్టమేముంది?

నాకు అనుమానం మరోచోట ఉంది. ఆ రెండు గీతల మీద నువ్వేం రాశావు?

చెల్లాయి


మేడ మీద గది
వర్షాలు ముదిరిన నెల

చెల్లాయికి,

ఏం రాశానంటావా? మర్యాదగానే రాశాను. ‘మా పిల్ల దినపత్రికని తలకిందులుగా పెట్టినా చదువుతుంది. ముందు మీరు తల ఎత్తి చూడండి’ అని. రెండు గీతలు చాలక అంచున నిలువుగా కూడా రాయాల్సొచ్చింది. కింద నా సంతకం, తోక తిప్పి. ఆ తోక బాగుందని ఒకప్పుడు సినిమా హాలువాడు వాళ్ళ బోర్డుకి అడిగాడు, ఆ కథ ఇంకోసారి చెబుతాను.

తర్వాత వరసగా ఆరు కాగితాలు వచ్చాయి. ఒక్కదాన్లోనూ మంచి మాట లేదు. నోట్‌బుక్‌లో ఎక్కించి పెట్టుకున్నాను, రేపు మాట మారిస్తే చూపించడానికి. ‘పుస్తకం ముక్కుకి ఆనించి పట్టుకుంటోంది.’ ‘బోర్డు దగ్గరికి రమ్మంటే వచ్చి చదివింది, వెనక్కి పంపితే చదవలేదు.’ చివరిది వినవే. ‘దయచేసి ఒకసారి కళ్ళు పరీక్ష చేయించండి. ఇది మూడోసారి రాయడం.’

కళ్ళట! నేనే పరీక్ష పెట్టాను. వీధి చివర నిలబెట్టి, అవతలి మలుపులో నేను ముప్పై ఏళ్ళ కిందట రాసిన పాత బోర్డు చదవమన్నాను. రంగంతా పోయింది, నాకే కనిపించదు. పిడుగు చదివి, ‘తాతయ్యా, చివరి అక్షరం పక్కకి జారింది’ అంది. జారిన మాట నిజమే. ఆరోజు నిచ్చెన కదిలింది.

ఇక అసలు సంగతి. నాలుగింటికి గేటు దగ్గర నిలబడతానా, టీచరమ్మ పిల్లల్ని వరసలో తెచ్చి అప్పగిస్తుంది. నన్ను చూసి నవ్వుతూ, “మీ పాప బంగారమండీ, తాతగారూ” అంది. నా మొహం మీదే! కాగితం మీద ఒకటి, గేటు దగ్గర ఒకటి. నేను “అవునమ్మా, కాగితాల్లో చూస్తున్నాంగా” అని చురక వేస్తే, “సంతోషమండీ” అని ఇంకా నవ్వింది. అంత నిబ్బరం నేను ఎన్నికల బోర్డులు రాయించుకున్నవాళ్ళలో కూడా చూడలేదు.

మరొకటి కూడా కనిపెట్టాను. మలుపులో తాళాలు బాగుచేసే ఆయన ఉన్నాడు. ఆయన కూతురూ మన పిడుగూ ఒకే బెంచీ. పిడుగు దాన్ని వదలదు, చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతుంది. ఆ తాళాలాయన గేటు దగ్గరికి రాగానే టీచరమ్మ గబుక్కున పక్క తలుపులోంచి లోపలికి పోతుంది. ప్రతిసారీ! ఆయన మాటకారి కాదు, నిలబడి చూసి కూతుర్ని తీసుకెళ్ళిపోతాడు. వాళ్ళ మధ్య ఏదో ఉంది. ఏమిటో తేలుస్తాను.

పిడుగు మాత్రం హాయిగా ఉంది. ఎక్కడ చూసినా చేపలు గీస్తోంది. గోడ మీద చేప, సంచి మీద చేప, నా తువ్వాలు మీద కూడా.

నీ అన్నయ్య


కింది వాటా
ఆ నెలాఖరు

అన్నయ్యకు,

నువ్వు కనిపెట్టినవన్నీ చదివాను. నాకు నిద్ర పట్టేలా లేదు, టీచరమ్మ మీద అనుమానంతో కాదు, నీ మీద భయంతో. మన వీధి పోస్టుమాన్ ఉత్తరాలు విప్పి చదువుతున్నాడని నువ్వు మూడు నెలలు కాపు కాశావు, జ్ఞాపకముందా? జిగురు సరిగ్గా అంటించనిది నువ్వే అని చివరికి తేలింది.

అలా అని నాకూ ఇందులో ఏదో పొసగడం లేదు. మూడుసార్లు కళ్ళ గురించి రాసిన మనిషి ఊరికే రాయదు. నేను అలాంటి మాట రాసినప్పుడల్లా ఆ పిల్ల నా కళ్ళ ముందు కనుబొమలు ముడిచి కూర్చునుండేది. పిడుగుకి కళ్ళు బాగున్నాయని నువ్వంటున్నావు. ఇద్దరిలో ఒకరు తప్పు చూస్తున్నారు.

నువ్వు కాగితం పైకి చదువుతుంటే పిడుగు ఏమంటుంది? అది రాయి. పెద్దవాళ్ళని కాపు కాయడం మాని చిన్నదాని మొహం చూడు. ఫిర్యాదు గిర్యాదు అని మాత్రం పోకు. చేతులు పట్టుకుని అడుగుతున్నాను.

చెల్లాయి


మేడ మీద గది
సగం ఏడాది పరీక్షల ముందు

చెల్లాయికి,

నీ ఉత్తరం రెండు రోజులు ఆలస్యంగా చేరింది. ఫిర్యాదు ఇచ్చేశాను.

కోపం తెచ్చుకోకుండా విను. హెడ్మాస్టరు గదిలో నన్ను కూర్చోబెట్టాడు. కుర్చీ ఒక కాలు పొట్టి, వచ్చినవాళ్ళు ఎక్కువసేపు కూర్చోకుండా ఏర్పాటు కాబోలు. నా నోట్‌బుక్ చదివి వినిపించాను. ఆయన టీచరమ్మ రిజిస్టరు తెప్పించి, పిడుగు పేజీ తీశాడు. “చూడండి తాతగారూ, అన్నీ మంచివే రాసుంది. చదవడం బాగుంది, రాయడం బాగుంది, తోటి పిల్లలకి సాయం చేస్తుంది. మీరు చెప్పే మాట ఒక్కటీ ఇక్కడ లేదు” అన్నాడు.

“అంటే ఇంటికొకటి, ఆఫీసుకొకటి రాస్తోందన్నమాట. ఆ సిరా చూడండి, అన్ని వారాలూ ఒకే రంగు. కూర్చుని ఒక్కసారే రాసిన రాత” అన్నాను. సిరా విషయంలో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన రిజిస్టరుని వెలుతురుకి పెట్టి చూశాడు. అనుమానం ఆయనకీ పట్టింది. అప్పటికప్పుడు టీచరమ్మని పిలిచి, నా ఎదురుగానే, “ఇక ఈ కాగితాలు ఆపండి. నెలాఖరుకి మీ సంగతి తేలుస్తాను” అన్నాడు. ఎందుకో ఏమిటో చెప్పలేదు. ఆవిడ నన్ను చూసింది. కోపంగా చూసుంటే నాకు బాగుండేది. తనకేమీ అర్థం కానట్టు చూసింది.

గెలిచాను కదా అనుకుంటూ మెట్లు దిగాను. మోకాలు ఎక్కువ నొప్పెట్టింది.

నువ్వడిగింది రాస్తాను. కాగితం చదువుతుంటే పిడుగు ఏడవదు, అలగదు. నా మొహంలోకి చూసి, “కోపమొచ్చిందా?” అంటుంది. “నీ మీద ఎందుకే, ఆవిడ మీద” అంటాను. అంతే, హమ్మయ్య అన్నట్టు ఆటకి పోతుంది. చివరి శుక్రవారం వచ్చిన కాగితం తిప్పి పంపలేదు, ఆపేశారుగా. నా దగ్గరే ఉంది. గొడుగు మళ్ళీ వంకరగానే పడింది.

నీ అన్నయ్య


కింది వాటా
ఉత్తరం అందిన రోజే

అన్నయ్యకు,

నేను ఉద్యోగంలో చేరిన ఆరో ఏడు నన్ను ఆ నది అవతలి బడికి ఎందుకు పంపారో నీకు తెలీదు. పిల్లలు తక్కువున్న చోటు నేనే కోరుకున్నానని మీ అందరికీ చెప్పాను. ఒక పిల్లాడి తాత ఫిర్యాదు రాశాడు. నేను పాఠం చెప్పకుండా అల్లికలు చేస్తున్నానని. ఆ అల్లిక నాది కాదు, చలికి వణుకుతున్న ఆ పిల్లాడి స్వెట్టరే, చిరిగితే కుడుతున్నాను. నన్నెవరూ అడగలేదు. నాలుగేళ్ళు పడవ దాటి వెళ్ళొచ్చాను. ఆ తాతకి నీలాంటి దస్తూరీయే ఉండుంటుందని ఈ వేళ అనిపించింది.

నీ ఉత్తరాలన్నీ డబ్బాలోంచి తీసి మొదటి నుంచి చదివాను. చదివి, మొదటిదాన్ని తిప్పాను. వెనక వైపు అచ్చులో ఉన్నది ఇక్కడ ఎత్తి రాస్తున్నాను. నువ్వు చదవని ముక్క ఇది.

‘తల్లిదండ్రులకు, పెద్దలకు. కిందటేడు పిల్లల కాగితాలు దారిలో పడి, ఒకరి పిల్లల సంగతులు ఇంకొకరి నోట పడ్డాయి. అందుకని ఈ ఏడు కాగితాల మీద పేర్లు ఉండవు. ప్రతి పిల్లకీ ఒక బొమ్మ ఇస్తున్నాం. చదవడం రాని పిల్ల కూడా తన బొమ్మ చూసి తన కాగితం తీసుకోగలదు. మూలనున్న బొమ్మ మీ పాపదో కాదో చూసి మరీ చదవండి. మీ పాప బొమ్మ ఇది.’

కింద ముద్ర ఉంది. చేప.

మొదటి ఉత్తరంలోనూ, చివరి ఉత్తరంలోనూ నువ్వు గొడుగు అన్నావు. పిడుగు గోడల నిండా గీస్తున్నది చేప. గొడుగు ఎవరిదో వెళ్ళి కనుక్కో. నెలాఖరుకి తొమ్మిది రోజులుంది.

ఇంకో మాట. ఆ గొడుగు పిల్లకి బోర్డు కనిపించడం లేదు. ఆ సంగతి నాలుగు నెలలుగా నీ ఇంట్లో ఉంది.

చెల్లాయి


మేడ మీద గది
నెలాఖరుకి నాలుగు రోజుల ముందు

చెల్లాయికి,

ఇప్పుడు రాస్తున్న కాగితం కొత్తది, రెండు పక్కలా ఖాళీదే. ముందే తిప్పి చూసుకున్నాను.

పిడుగుని బల్ల మీద కూర్చోబెట్టి ఆ చివరి కాగితం ముందు పెట్టాను.

“నీ బొమ్మ ఏమిటే?”

“చేప.”

“మరి ఈ గొడుగు?”

“అది దానిది.” అదంటే ఎవరో చెప్పక్కర్లేదు. తాళాలాయన కూతురు.

“దాని కాగితం నీ సంచిలోకి ఎలా వచ్చింది?”

“మార్చుకున్నాం. మొదటి రోజే. దానికి చదవడం రాలేదని నేనే చదివిపెట్టా. చదవగానే ఏడ్చింది తాతయ్యా. కిందటేడు చిన్న తరగతిలోనూ అంతేనంట, మంచి కాగితం రాకపోతే వాళ్ళ నాన్న సోమవారం దాకా మాట్లాడడంట. అన్నం పెట్టేటప్పుడు కూడా మాట్లాడడంట.”

“నేను మాత్రం కోప్పడలేదా?”

“నువ్వు కాగితం మీద కోప్పడతావు. నా మీద కాదుగా.”

నేను లేచి చెప్పులేసుకున్నాను.

ముందు తాళాలాయన దగ్గరికి వెళ్ళాను. ఇద్దరు నిలబడితే మూడోవాడు బయటుండాల్సిన కొట్టు. గోడంతా తాళంచెవులు. కూతురు మూలన స్టూలు మీద కూర్చుని వాటిని పొడవు వరసలో పేరుస్తోంది, ఒక్కోదాన్నీ వేలితో తడిమి. ఆయన నన్ను చూసి తనే పలకరించాడు. “మా అమ్మాయి బాగా చదువుతోందండీ. కాగితాలు ఆపేశారెందుకో. శుక్రవారం కోసం చూస్తుంటాను” అన్నాడు. ఆయన నోట అన్ని మాటలు నేనెప్పుడూ వినలేదు. అలాంటి మనిషికి నేను చెప్పాల్సొచ్చింది. అటూ ఇటూ తిప్పకుండా చెప్పాను, నా జన్మలో మొదటిసారి. బొమ్మల సంగతి రాసిన అచ్చు కాగితం ఆయనా చదవలేదట.

విన్నాడు. చాలాసేపు ఏమీ అనలేదు. ఆ మౌనం ఎలా ఉంటుందో నాకు తెలిసింది, ఆరేళ్ళ పిల్ల ఎందుకు కాగితం మార్చుకుంటుందో కూడా. తర్వాత ఒక తాళంచెవి తీసి, కూతురికి రెండడుగుల దూరాన పట్టుకుని, “దీని మీద అంకె ఎంతమ్మా?” అన్నాడు. పిల్ల లేచి వచ్చి, ముక్కుకి ఆనించి, “ఏడు” అంది. తర్వాత బిక్కచచ్చి తండ్రి మొహంలోకి చూసింది, అదీ దగ్గరికొచ్చే. ఆయన పనిముట్లు అలాగే వదిలేసి షట్టరు దించాడు. దింపి, “కళ్ళ డాక్టరు దూరం. నడుస్తావా, ఎత్తుకోనా?” అన్నాడు.

ఎత్తుకోమంది.

తర్వాత హెడ్మాస్టరు. “తప్పు నాదే” అన్నాను. ఆయన నన్ను ఫిర్యాదు రోజుకన్నా ఎక్కువ అనుమానంగా చూశాడు. “ఎవరైనా భయపెట్టారా మిమ్మల్ని?” అన్నాడు. చివరికి, “వచ్చే నెలకి వేరే ఆవిడని రమ్మని రాసేశాను. ఏదైనా రాసివ్వండి” అన్నాడు. రాసిచ్చాను. బోర్డు అక్షరాల్లో, గది అవతలి గోడ నుంచి కూడా కనిపించేట్టు. నీ ఉత్తరంలోని ముక్కా, గొడుగు కాగితమూ జతపెట్టాను.

టీచరమ్మ తరగతిలోనే ఉంది, పిల్లలు పోయాక పెన్సిళ్ళు ఏరుతోంది. అంతా విని కూర్చుండిపోయింది. “ఆ జవాబులు మీరు రాసినవా? తాళాలాయన రాస్తున్నారనుకున్నానండీ. అంత కోపిష్టి మనిషి ఇంట్లో పిల్లనేం చేస్తున్నాడోనని భయమేసేది. గేటు దగ్గర ఎదురుపడలేక లోపలికి పోయేదాన్ని. కళ్ళ సంగతి నోటితో చెప్పాల్సిందే. చెప్పలేదు” అంది. తర్వాత, “తల ఎత్తి చూడమని మీరు రాశారు కదా, ఆ మాట నాకింకా గుర్తుంది” అంది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. నాలుగు పెన్సిళ్ళు ఏరి ఇచ్చి వచ్చేశాను.

నువ్వు పడవ దాటిన నాలుగేళ్ళూ, నీకు ఊరు మార్పు అచ్చొచ్చిందని నేను అందరికీ చెప్పుకుని తిరిగాను.

నీ అన్నయ్య


మేడ మీద గది
మరుసటి నెల రెండో శనివారం

చెల్లాయికి,

రావలసిన వేరే ఆవిడ రాలేదు. హెడ్మాస్టరు వద్దని రాశాడట. మన టీచరమ్మ ఏడాది చివరిదాకా ఉంటుంది, ఆ తర్వాత సంగతి ఎవరూ చెప్పడం లేదు.

గొడుగు పిల్లకి కళ్ళద్దాలొచ్చాయి. జారకుండా వెనక దారం కట్టారు. బడి నుంచి ఇంటికి పావుగంట దారి, నిన్న గంట పట్టింది. కనిపించిన ప్రతి బోర్డు దగ్గరా ఆగి అక్షరాలు కూడబలుక్కుంటూ చదువుతుంది, పిడుగు చెప్పబోతే దాని నోరు మూస్తుంది. వాళ్ళ నాన్న వెనక నిలబడి, తొందరేం లేదన్నాడు. ఆ పిల్ల తన కాగితం కళ్ళకి దూరంగా పట్టుకుని చూసి, “తాతా, నా గొడుగు పిడి తప్పు వేశారు” అంది.

కాగితాలు మళ్ళీ మొదలయ్యాయి. నిన్న మాకు వచ్చిన దాని మూలన చేప ఉంది. ‘మీ పాప బాగా చదువుతోంది. పక్క పిల్ల చెప్పాల్సిన జవాబులు కూడా తనే చెబుతోంది. ఇంట్లో కాస్త చెప్పండి’ అని ఉంది. ఇంటివారి మాట దగ్గర ‘చెప్పాం’ అని రాశాను. వెనక్కి తిప్పి చూశాను, ఏమీ లేదు. సంతకం పెట్టి సంచిలో పెట్టాను.

నీ అన్నయ్య